పిల్లల పేచీ: మొదలవక ముందు, జరుగుతున్నప్పుడు, ఆగాక

రెండేళ్ల పిల్ల నేల మీద పడి కాళ్లు కొట్టుకుంటూ ఏడుస్తుంటే పెద్దవాళ్లు సాధారణంగా చేసే పనులు మూడు. బతిమాలతారు, బెదిరిస్తారు, లేదా అడిగింది చేతిలో పెట్టేస్తారు. మూడింటి ఉద్దేశం ఒకటే, ఏడుపు ఆగాలి. కానీ ఒకసారి మొదలైన పేచీని మధ్యలో ఆపడం ఎవరికైనా చాలా కష్టం. దానికి ముందున్న గంట, ఆగాక వచ్చే పది నిమిషాలు మాత్రం చాలావరకు మన చేతిలో ఉంటాయి. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం వాటి గురించే. మధ్యలోని ఆ అయిదు నిమిషాల్లో చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ.

ఇక్కడ చెప్పేదంతా సుమారు ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల పిల్లల గురించి. అయిదారేళ్లు దాటిన పిల్లలకు ఇందులో కొంతే పనికొస్తుంది.

1. ముందు వయసు లెక్క చూసుకోండి

ఈ వయసులో కోరికలు వచ్చినంత వేగంగా మాటలు రావు. రెండేళ్ల పిల్లవాడు రెండు పదాలు కలిపి మాట్లాడితే ఎదుగుదల బాగుందనుకుంటాం. ఆ రెండు పదాలతోనే వాడు "ఆ చొక్కా వద్దు, నిన్నటిది కావాలి, పైగా నేనే వేసుకుంటాను" అన్నదంతా మనకు చెప్పాలి. చెప్పలేడు. మనకు అర్థం కాదు. వాడికి ఉక్రోషం వస్తుంది. అమెరికాలో రెండు వేల మందికి పైగా తల్లిదండ్రులను అడిగి చేసిన అధ్యయనమొకటి 2019లో వచ్చింది. మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లల్లో తీవ్రమైన పేచీలు ఉండే అవకాశం మిగతావారికన్నా దాదాపు రెట్టింపు అని అందులో తేలింది. పేచీలు మరీ ఎక్కువగా ఉన్న పిల్లవాడికి మాటలు ఎంతవరకు వచ్చాయో ముందుగా గమనించమనేది అందుకే.

రెండో కారణం మెదడులో ఉంది. ఎగదన్నుకొచ్చే కోపాన్ని పట్టి ఆపడం, ఒక పని మధ్యలో మానేసి ఇంకో పనికి మళ్లడం, కాసేపు ఓపిక పట్టడం లాంటివన్నీ నుదుటి వెనక ఉండే మెదడు ముందుభాగం చూసుకుంటుంది. అది పూర్తిగా పరిపక్వం కావడానికి ఇరవై అయిదేళ్ల వయసు దాకా పడుతుంది. మూడేళ్లకు దానిలో పని ఇంకా మొదటి దశలోనే ఉంటుంది. "నిన్న చెప్పాను కదా, మళ్లీ అదే చేస్తావేం" అని మనం అడిగే ప్రశ్నకు జవాబు ఇదే. నిన్న చెప్పింది వాడికి గుర్తుంటుంది. కోపం వచ్చిన క్షణంలో దాన్ని వాడుకోవడమే చేతకాదు.

మూడోది స్వభావం. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే ఇద్దరు మనోవైద్యులు 1956లో మొదలుపెట్టి, ఒకే పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. సుమారు 40 శాతం మంది తేలికగా సర్దుకుపోయే పిల్లలు. 10 శాతం మంది ప్రతిదానికీ గట్టిగా స్పందించేవాళ్లు, వేళలు కుదరని వాళ్లు. 15 శాతం మంది కొత్తదానికి నెమ్మదిగా అలవాటుపడేవాళ్లు. మిగతావాళ్లు ఏ గుంపులోనూ పూర్తిగా ఇమడలేదు. వాళ్లు చెప్పినదాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది వేరే ఉంది. పిల్లల స్వభావం ఒక్కటే భవిష్యత్తును తేల్చదనీ, ఆ స్వభావానికి ఇంటి తీరు ఎంతవరకు కుదురుతుందన్నదే తేలుస్తుందనీ వాళ్లు గట్టిగా చెప్పారు. పెద్దవాడిని ఏ ఇబ్బందీ లేకుండా పెంచేసి, రెండోవాడి దగ్గర అవే పద్ధతులు పనిచేయక తలపట్టుకునే తల్లిదండ్రులకు ఈ మాట కొంత ఊరటనిస్తుంది.

ఇక్కడే ఇంకో భయం కూడా తీసేస్తాను. ఇప్పుడే ఓర్పు నేర్పకపోతే పెద్దయ్యాక చెడిపోతారని కొందరు వణికిస్తుంటారు. చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండిస్తామని చెప్పే స్టాన్‌ఫర్డ్ ప్రయోగాన్ని దీనికి సాక్ష్యంగా చూపిస్తారు. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లల మీద దాన్ని మళ్లీ పరిశీలించారు. పిల్లల ఇంటి పరిస్థితుల్ని, మొదటినుంచీ ఉన్న తెలివితేటల్ని లెక్కలోకి తీసుకోగానే, చిన్నప్పుడు ఆగగలగడానికీ తర్వాత రాణించడానికీ మధ్య సంబంధం చాలావరకు పలచబడిపోయింది. మూడేళ్ల వయసులో పెట్టే పేచీని బట్టి ముప్పై ఏళ్లకు ఏమవుతాడో చెప్పలేం.

2. వారం, పది రోజులు రాసిపెట్టండి

సలహాల జోలికి వెళ్లేముందు చేయాల్సిన పని ఇది. చాలామంది దాటేసేదీ ఇదే. ఫోన్లోనో కాగితం మీదనో నాలుగు సంగతులు రాసుకోండి. ఏ వేళ, సరిగ్గా దానికి ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, చివరికి ఏం దక్కింది. ఎక్కువ రాయక్కర్లేదు. "సాయంత్రం ఆరున్నర. బొమ్మలు సర్దమన్నాను. కింద పడ్డాడు, బొమ్మ విసిరాడు. నేనే సర్దేశాను." ఇంతే చాలు.

పది రోజుల తర్వాత కూర్చుని ఒకేసారి చదవండి. ముందు వేళ సంగతి తెలుస్తుంది. 1931లో ఫ్లారెన్స్ గుడ్‌ఇనఫ్ అనే మనస్తత్వవేత్త చిన్నపిల్లల కోపం మీద ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. ఆమెకు సమాచారం వచ్చింది తల్లులు ఇళ్లలో రాసిపెట్టిన చిట్టాల నుంచే. భోజనం వేళకు కాస్త ముందు, ఒంట్లో బాగోలేనప్పుడు పేచీలు పెరుగుతాయని అందులో కనబడింది. తొంభై ఏళ్లు దాటినా మీ కాగితంలోనూ అదే కనిపించే అవకాశం ఎక్కువ.

తర్వాత నాలుగో సంగతి చూడండి, చివరికి ఏం దక్కిందో. పేచీలు రెండు రకాలుగా విడిపోవడం కనిపిస్తుంది. కొన్నిట్లో దక్కేదేమీ ఉండదు. అలసట, ఆకలి, చేతకాక వచ్చే ఉక్రోషం, అంతే. కొన్ని మాత్రం సాధించుకోవడానికి పెట్టే పేచీలు. ఏడిచాడు, ఫోన్ దొరికింది. అరిచాడు, సర్దే పని తప్పింది. మొదటి రకానికి కావాల్సింది ఓదార్పు, ముందుజాగ్రత్త. రెండో రకానికి కావాల్సింది మన మాట మీద మనం నిలబడటం. రెండిటికీ ఒకే మందు వేస్తే ఒకదానికి వికటిస్తుంది. ఉక్రోషంతో ఏడ్చే పిల్లను "నాటకాలు ఆపు" అని గదమాయించడం ఎంత తప్పో, సాధిస్తున్న పిల్లను గంటసేపు బుజ్జగించడం అంత తప్పు. చాలా పేచీలు మొదటి రకంగా మొదలై మధ్యలో రెండోదిగా మారతాయి. అందుకే రాతలో చూడమంటున్నాను, ఆ క్షణంలో తేల్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

3. పేచీకి ముందున్న గంట

నిద్ర మొదటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం ఒకటి నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మీ పిల్లవాడు ఎంతసేపు నిద్రపోతున్నాడో ఒకసారి నిజంగా లెక్కపెట్టండి. అనుకున్నదానికన్నా తక్కువే వస్తుంది. నిద్ర చాలని పిల్లకు ఏ మనస్తత్వ సూత్రమూ పనిచేయదు.

ఒక పని నుంచి ఇంకో పనికి మళ్లే చోట్లే ఎక్కువ పేచీలు. ఆట ఆపి ఇంటికి రావడం, స్నానానికి వెళ్లడం, నిద్రకు పడుకోవడం. "ఇంకో అయిదు నిమిషాలు" అని ముందు హెచ్చరించమని అందరూ చెబుతారు. మూడేళ్ల పిల్లకు అయిదు నిమిషాలంటే ఏం తెలుస్తుంది? కళ్లకు కనబడే లెక్క చెప్పండి. "ఇంకో రెండుసార్లు జారుడుబల్ల ఎక్కి జారు, తర్వాత చెప్పులేసుకుందాం." స్క్రీన్ విషయంలో ఈ హెచ్చరిక ఎదురు తిరగడం కూడా చూశారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2016లో చేసిన పరిశీలనలో, రెండు నిమిషాల ముందు హెచ్చరించినప్పుడు పిల్లలు ఇంకా ఎక్కువ గొడవ చేశారు. వీడియో దానంతట అది అయిపోయిన చోట ఆపినప్పుడు, రోజూ అదే వేళకు ఆపే అలవాటు ఉన్నప్పుడు సులువుగా వదిలేశారు. కాబట్టి ఒకటి అయిపోగానే ఇంకోటి మొదలయ్యే సదుపాయాన్ని ముందు ఆపేయండి. మీకూ పిల్లకూ మధ్య సగం యుద్ధం దాని వల్లే.

ఎంపిక ఇవ్వండి, కానీ నిజమైన ఎంపిక. "స్నానం చేస్తావా?" అని అడిగితే "చెయ్యను" అనే హక్కు ఇచ్చినట్టే. ఇచ్చాక లాక్కుంటే వాడికి కోపం రావడం న్యాయం. "నీలం చెంబా, ఎర్ర చెంబా?" అని అడగండి. రెండే, అంతకన్నా ఎక్కువ వద్దు.

"వద్దు" అనే మాటను పొదుపుగా వాడాలి. వాడే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది వాడు పది నిమిషాలు ఏడ్చినా నేను ఇవ్వనిదేనా అని మనల్ని మనం అడగాలి. కాదనిపిస్తే అప్పుడే, ఏడుపుకు ముందే, నవ్వుతూ ఇచ్చేయండి. అవుననిపిస్తే ఇక మార్చకండి. అన్నిటికన్నా చెడ్డది ముందు కాదని, తర్వాత ఏడుపు భరించలేక సరేననడం. ఫలితం ఎప్పుడో ఒకసారి మాత్రమే దక్కే పని, ప్రతిసారీ దక్కే పనికన్నా గట్టి అలవాటుగా నాటుకుంటుందని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్, ఆయన సహచరులు ఎప్పుడో ప్రయోగాల్లో చూపించారు. ఎప్పుడో ఒకసారి లొంగే తల్లిదండ్రుల దగ్గర పిల్లలు ఎక్కువసేపు ఏడవడానికి కారణం అదే. ఇంకాసేపు ఏడిస్తే దొరకవచ్చని వాళ్ల అనుభవం చెబుతోంది.

4. పేచీ మొదలైంది

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

మైఖేల్ పొటేగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఏడాదిన్నర నుంచి అయిదేళ్ల వరకు ఉన్న 335 మంది పిల్లల పేచీల్ని తల్లిదండ్రులతో అంచెలంచెలుగా రాయించి 2003లో ప్రచురించారు. నాలుగింట మూడు వంతుల పేచీలు అయిదు నిమిషాల్లోపే ముగిశాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన నిడివి అర నిమిషం నుంచి నిమిషం. చూసేవాళ్లకు గంట అనిపించినా అంతే. కోపం మొదట్లోనే ఉవ్వెత్తున లేచి, తర్వాత తగ్గిపోతుంది. దుఃఖం మాత్రం మొదటి నుంచీ అడుగున పారుతూనే ఉంటుంది, కోపం దిగాక పైకి కనిపిస్తుంది. తర్వాత పొటేగల్ బృందం పిల్లల బట్టల్లో చిన్న మైకులు పెట్టి ఆ శబ్దాలను కూడా రికార్డు చేసింది. కేకలు, అరుపులు కోపానివి. ఏడుపు, సణుగుడు దుఃఖానివి.

దీన్నుంచి పెద్దవాళ్లకు దొరికే సూత్రం చాలా సులువైనది: కేకలు వినబడుతున్నంతసేపు మాట్లాడకండి, ఏడుపు మిగిలాక దగ్గరకు వెళ్లండి.

మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. కేకలు పెడుతుంటే ప్రశ్నలు వేస్తాం. "ఏం కావాలి? ఎందుకు ఏడుస్తున్నావు? చెబితే కదా తెలిసేది?" ప్రతి ప్రశ్నా ఆ మెదడు మీద ఇంకో బరువు. తీరా కేకలు తగ్గి వెక్కిళ్లు మొదలయ్యేసరికి మనకు విసుగొచ్చి అవతలికి వెళ్లిపోతాం. పిల్లకు మనిషి అవసరమైన క్షణం అదే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. బయటికి బయల్దేరే వేళ. మూడేళ్ల పిల్ల తన చెప్పు పట్టీ తనే పెట్టుకోవాలని చూస్తోంది. పట్టీ కొస కన్నంలోకి వెళ్లడం లేదు. నాలుక కొంచెం బయటపెట్టి మళ్లీ ప్రయత్నిస్తోంది. ఆలస్యమవుతోందని నాన్న వంగి టక్కున పెట్టేశాడు. పిల్ల చెప్పు లాగి విసిరేసింది, వెల్లకిలా పడిపోయి కేకలు మొదలుపెట్టింది. "పెట్టాను కదమ్మా, అయిపోయింది కదా" అంటాడాయన. అయిపోవడమే ఆ పిల్ల బాధ. ఇంకో అర నిమిషంలో తనకు చేతనయ్యేది.

ఇప్పుడాయన ఏం చేయాలి? విసిరిన చెప్పును పక్కకు తీయాలి, తల గోడకు తగలకుండా చూడాలి. పిల్ల పక్కనే, కాస్త ఎడంగా, కింద కూర్చోవాలి. మీద పడి ఎత్తుకోబోతే ఇంకా విదిలించుకుంటుంది. ముందు తన ఊపిరి సంగతి తను చూసుకోవాలి. భుజాలు బిగుసుకుని, దవడ బిగపట్టి "శాంతించు" అంటే పిల్ల మాటను వినదు, దవడను చూస్తుంది. రెండు మూడుసార్లు ఊపిరి నెమ్మదిగా బయటికి వదలాలి. మాట్లాడక తప్పదనిపిస్తే ఒక్క ముక్క: "ఇక్కడే ఉన్నాను."

కేకలు సన్నగిల్లి, ఏడుపు మిగిలి, పిల్ల ఒకసారి ఆయన వైపు చూస్తుంది. ఆ చూపు కోసమే కాచుకుని ఉండాలి. అప్పుడు చేయి చాపి, "నువ్వే పెట్టుకోవాలనుకున్నావు. నాన్న పెట్టేశాడు. కోపం వచ్చింది కదూ." పిల్ల తల ఊపవచ్చు, ఒళ్లోకి రావచ్చు, ఇంకా గట్టిగా ఏడవనూవచ్చు. మూడూ మంచివే. తర్వాత పట్టీ విప్పి, "ఇప్పుడు నువ్వు పెట్టు" అనవచ్చు. ఇది లొంగిపోవడం కాదా అని అడుగుతారేమో. కాదు. ఆ పిల్ల అడిగింది తన పని తను చేసుకోనివ్వమని. అది ఇవ్వాల్సిందే.

భావానికి పేరు పెట్టడం వల్ల లాభముందా? మనసులోని భావానికి మాట వెతికి చెప్పినప్పుడు, భయం, కోపం లాంటివాటికి స్పందించే అమిగ్డలా అనే మెదడు భాగంలో చురుకు తగ్గుతుందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో స్కానుల్లో చూపించింది. ఆ పరీక్షలు పెద్దవాళ్ల మీద చేసినవి. "కోపం వచ్చింది కదూ" అనగానే మీ పిల్ల స్విచ్ నొక్కినట్టు ఊరుకుంటుందని ఆశ పెట్టుకోకండి. ఈ మాటలు ఈ పేచీ కోసం కాదు, వచ్చే ఏడాది పేచీల కోసం. ఇప్పుడు వింటే అప్పుడు తనే అంటుంది.

దిండును గుద్దమని, కోపం కక్కేయమని నేర్పించేవాళ్లున్నారు. నేనైతే వద్దంటాను. కోపం వచ్చినవాళ్లతో సంచిని గుద్దించిన ప్రయోగంలో, వాళ్ల కోపం తగ్గకపోగా పెరిగింది. ఊరికే కూర్చున్నవాళ్లే తొందరగా చల్లబడ్డారు. బ్రాడ్ బుష్‌మన్ 2002లో కళాశాల విద్యార్థుల మీద చేసిన పరిశోధన అది. పిల్లలకు మాత్రం గుద్దడం ఎందుకు అలవాటు చేయాలి?

5. కొడితే, కొరికితే, విసిరితే

భావానికి హద్దు లేదు, చేతకు ఉంది. కోపం రావచ్చు, చెల్లెలిని కొట్టకూడదు. ఇది ఉపన్యాసంలా చెప్పేది కాదు, చేతితో చేసేది. లేచిన చేతిని మెత్తగా, గట్టిగా పట్టుకుని "కొట్టనివ్వను" అనండి. "కొట్టకూడదు నాన్నా, తప్పు కదా, చెల్లికి నొప్పి పుడుతుంది కదా" అని వివరించే వేళ కాదది. వదిలేస్తే మళ్లీ కొడతాడనిపిస్తే చెల్లెలిని అక్కణ్నుంచి తీసుకెళ్లండి. అందరి చూపూ కొట్టినవాడి మీద ఉంటే, కొట్టడం ఒక మంచి పిలుపు అవుతుంది.

తిరిగి కొట్టడం గురించి రెండు ముక్కలు. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో యాభై ఏళ్లలో వచ్చిన 75 అధ్యయనాలను, సుమారు 1,60,000 మంది పిల్లల సమాచారాన్ని కలిపి చూశారు. పిర్ర మీద చరచడం లాంటి "చిన్న దెబ్బలు" కూడా పిల్లల్లో మొండితనం, దూకుడు ఎక్కువగా ఉండటంతో ముడిపడి కనిపించాయి. ఏది కారణం, ఏది ఫలితం అని ఇలాంటి లెక్కలు ఖచ్చితంగా తేల్చలేవు, నిజమే. కానీ దెబ్బల వల్ల బాగుపడ్డారన్న లెక్క వాటిలో కనబడలేదు.

మాట మీద నిలబడటం మొదలుపెట్టిన కొత్తలో పేచీలు తగ్గకపోగా పెరుగుతాయి. ఇంతకుముందు అయిదు నిమిషాలకు దొరికింది ఇప్పుడు దొరకట్లేదు, కాబట్టి పదిహేను నిమిషాలు గట్టిగా ప్రయత్నించి చూస్తారు. సరిగ్గా ఇక్కడే చాలా ఇళ్లలో "ఇది మనవల్ల కాదు" అని చేతులెత్తేస్తారు. అలా వదిలేస్తే పదిహేను నిమిషాల ఏడుపుకు విలువుందని నేర్పినట్టవుతుంది. అమెరికాలోని ఆరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి కుటుంబాలను గమనించి చెప్పింది ఈ ఉచ్చు గురించే. పిల్ల అరుస్తుంది, అమ్మ లొంగుతుంది. పిల్లకు కావాల్సింది దొరికింది, అమ్మకు నిశ్శబ్దం దొరికింది. ఇద్దరికీ లాభం కనుక ఇద్దరూ రేపూ అదే చేస్తారు. ఇందులో నాన్నలకు, తాతలకు మినహాయింపేమీ లేదు. ఇంట్లో ముగ్గురు కాదంటే నాలుగోవారి దగ్గర దొరికినా లెక్క ఒకటే. కాబట్టి అన్నిటి మీదా ఏకాభిప్రాయం కుదరకపోయినా, రెండు మూడు విషయాల మీద ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండేలా ముందే మాట్లాడుకోండి. పిల్ల ఎదురుగా కాదు.

ఏడుపు ఆపడానికి ఫోన్ ఇవ్వడం సంగతి. తప్పనిసరై ఎప్పుడో ఇస్తే ప్రళయమేమీ రాదు. అదే రోజూ మందు అయితే చిక్కు. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలున్న 422 మంది తల్లిదండ్రులతో మిషిగన్‌లో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. పిల్లల్ని శాంతపరచడానికి తరచూ ఫోనో ట్యాబో ఇచ్చిన ఇళ్లలో, కొన్ని నెలల తర్వాత పిల్లలు తొందరగా చలించిపోవడం ఎక్కువగా కనిపించింది, ముఖ్యంగా మగపిల్లల్లో. కోపం దానంతట అది లేచి దిగడం పిల్లలు అనుభవించి నేర్చుకోవాలి. మధ్యలో స్క్రీన్ వచ్చిందంటే దిగే భాగాన్ని వాళ్లెప్పుడూ చూడరు.

నలుగురిలో పేచీ పెడితే? ఎత్తుకుని పక్కకు తీసుకెళ్లండి, అంతే. అక్కడ అసలు టెన్షన్ మనది, చూసేవాళ్లేమనుకుంటారోనని. ఇంట్లో లొంగని విషయంలో అక్కడా లొంగకండి. కొన్నది అక్కడే వదిలేసి రావాల్సి వచ్చినా సరే.

6. ఆగాక

పేచీ ఆగిన వెంటనే పాఠం మొదలుపెట్టకండి. నీళ్లు తాగించండి, మొహం తుడవండి, కాసేపు ఊరుకోండి. అరగంటో గంటో పోయాక, చేతిలో ఏదో పని ఉన్నప్పుడు, రెండు వాక్యాల్లో కథలా చెప్పండి: "పొద్దున చెప్పు పట్టీ దగ్గర నీకు ఎంత కోపం వచ్చిందో. 'నేను చేస్తాను, ఆగు' అని నువ్వు చెప్పి ఉంటే నేను ఆగేవాణ్ని. రేపు అలా అంటావా?" పిల్ల "ఊఁ" అని ఆటలోకి వెళ్లిపోతుంది. చాలు. ఇలాంటి మాటలు వృథా పోవు. జూడీ డన్ 1991లో ప్రచురించిన పరిశోధనలో, మూడేళ్లప్పుడు ఇంట్లో భావాల గురించి ఎక్కువ మాటలు నడిచిన పిల్లలు, ఆరేళ్లకు ఎదుటివాళ్ల భావాలను మెరుగ్గా పసిగట్టగలిగారు.

మీరే అరిచేసి ఉంటే? క్షమాపణ చెప్పండి, అదీ చిన్నగా. "నేను గట్టిగా అరిచాను. నువ్వు భయపడ్డావు. అలా అరవకుండా ఉండాల్సింది." "కానీ నువ్వు అలా చేస్తే మరి..." అని తోక తగిలించకండి. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ ఒక ప్రయోగం చేశారు. తల్లి కాసేపు మొహంలో ఏ భావమూ లేకుండా పసిబిడ్డ ముందు కూర్చుంటుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, చివరికి మొహం తిప్పేసుకుంటుంది. అందరికీ గుర్తుండేది ఆ భాగం. ట్రానిక్ తర్వాతి ఏళ్లలో ఎక్కువగా చెప్పింది వేరే: మామూలు తల్లీబిడ్డలు కూడా చాలాసేపు ఒకరికొకరు పొసగకుండానే ఉంటారు, పొసగని ప్రతిసారీ మళ్లీ కలుసుకుంటూ ఉంటారు. ఆ కలుసుకోవడమే బిడ్డకు నమ్మకాన్నిస్తుంది.

ఆపుకునే శక్తిని ఆటలో పెంచవచ్చు. పాట ఆగగానే బొమ్మలా నిలబడే ఆట, ఒక రంగు చూపిస్తే కదలాలి, ఇంకో రంగు చూపిస్తే ఆగాలి అనే ఆట. కొన్నాళ్లయ్యాక రంగుల అర్థం తిరగెయ్యండి, ఇప్పుడు ఎరుపుకు కదలాలి. ఇలాంటి ఆటలనే షానా టోమినీ, మేగన్ మెక్‌లెలండ్ ప్రీస్కూల్ పిల్లలతో ఆడించి చూశారు. మొదట్లో ఆపుకోవడం బాగా కష్టంగా ఉన్న పిల్లల్లో మెరుగు కనిపించింది. నెమ్మదిగా ఊదడం కూడా ఇలాగే, కోపం లేనప్పుడు ఆటగా నేర్పాలి. కేకలు పెడుతున్న పిల్లతో "గట్టిగా ఊపిరి తీసుకో" అంటే చెప్పినవాళ్లకే ఆయాసం.

7. డాక్టర్‌కు చూపించాల్సినవి

పేచీలు ఉండటం మామూలే. 2012లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో 83.7 శాతం మంది ప్రీస్కూల్ పిల్లలు పేచీలు పెట్టారు. రోజూ పెట్టినవాళ్లు మాత్రం 8.6 శాతమే. ఏవి మామూలు, ఏవి కావు అన్నదాని మీద ఆండీ బెల్డెన్ బృందం 2008లో కొన్ని గుర్తులు చెప్పింది. తనను తాను కొరుక్కోవడం, తల బాదుకోవడం లాంటివి మళ్లీ మళ్లీ చేయడం. పేచీ పెట్టిన ప్రతిసారీ దాదాపుగా మనుషుల మీదికో వస్తువుల మీదికో దాడికి దిగడం. పేచీలు సగటున 25 నిమిషాలకు మించడం. రోజుకు అయిదుసార్లకు పైగా, పలు రోజులపాటు రావడం. ఎవరో వచ్చి సముదాయిస్తే తప్ప తనంతట తాను ఎప్పుడూ తేరుకోలేకపోవడం. వీటిలో ఏది ఉన్నా జబ్బు ఉందని అర్థం కాదు, చూపించుకోవడం మంచిదని అర్థం. మాటలు ఆలస్యమైనా, వచ్చిన మాటలు పోయినా, శబ్దాలకో బట్టలు ఒరుసుకోవడానికో విపరీతంగా చలిస్తున్నా కూడా చూపించండి.

గుక్కపట్టి ఏడుస్తూ ఊపిరి ఆగి, పెదాలు నీలంగా మారి, కొన్ని క్షణాలు స్పృహ తప్పే పిల్లలూ ఉంటారు. చూసేవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల మధ్య కొందరిలో కనిపించే ఈ గుక్కలు చాలావరకు ప్రమాదం లేనివి. పిల్లవాడు కావాలని చేసేవి కావు, ఊపిరి దానంతట అదే తిరిగి వస్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, కుదపకండి. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం డాక్టర్‌కు తప్పకుండా చూపించాలి, ఎందుకంటే ఫిట్స్, గుండె సమస్యలు కాదని తేల్చుకోవాలి. ఐరన్ లోపం ఉన్న పిల్లల్లో ఇవి ఎక్కువ, రక్తపరీక్షలో లోపం తేలితే మందులతో తగ్గే అవకాశం ఉంది. నిమిషం దాటినా తేరుకోకపోయినా, ఊపిరి తిరిగి రాకపోయినా వెంటనే అత్యవసర వైద్య సహాయం పిలవండి.

వెళ్లేటప్పుడు మీరు రాసుకున్న ఆ పది రోజుల చిట్టా తీసుకెళ్లండి. వీలైతే ఒక పేచీని ఇంకొకరి చేత ఫోన్లో వీడియో తీయించి పెట్టుకోండి, పిల్లకు తెలియకుండా. డాక్టర్ గదిలో చాలామంది పిల్లలు బుద్ధిగా కూర్చుంటారు, మీరు చెప్పేది అతిశయోక్తిలా వినబడుతుంది. పగలు, రాత్రి కలిపి ఎంత నిద్రో, ఎన్ని మాటలు మాట్లాడుతున్నాడో, బడిలోనో డేకేర్‌లోనో ఎలా ఉంటున్నాడో కూడా రాసి పెట్టుకోండి. ఇంట్లోనే పేచీలు, బయట లేవు అంటే ఒక అర్థం, అన్నిచోట్లా ఉన్నాయంటే ఇంకో అర్థం. డాక్టర్ మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి.